ముక్కు సారూ మూడు గ్లాసులూ

నా పేరు బాలచంద్ర. ఆ పేరు రేషన్ కార్డుకు తప్ప ఎక్కడా పనికిరాలేదు. పూతలపట్టు కూడలి దాటాక ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు వాసన చూసి, రుచి చూసే పని చేశాను కాబట్టి అందరికీ నేను ముక్కు సారునే. చెంచాడు గుజ్జు ముక్కు దగ్గర పెట్టుకుని ఆ తోతాపురి ఏ మండలంలో కాసిందో చెప్పేవాణ్ణి. లోడు లారీ గేటులో ఉండగానే అడుగు కాయ పులిసిందని వెనక్కి తిప్పి పంపేవాణ్ణి. మా యజమాని మునిరామయ్య గారు బయటి దేశాల నుంచి వచ్చిన కొనుగోలుదార్లకు బాయిలరు, గుజ్జు తీసే యంత్రాలు చూపించాక చివర్లో నన్ను చూపించేవారు. నేను కళ్లు మూసుకుని, మెడ వెనక్కి వాల్చి, గాలి పీల్చేవాణ్ణి. మెడ వాల్చాల్సిన పనేమీ లేదు. చూసేవాళ్లకు బాగుంటుందని వాల్చేవాణ్ణి.

ఈ ముక్కుతో కాపురం ఎలా ఉంటుందో నా భార్య నాగవేణిని అడగాలి. చారులో ఇంగువ చిటికెడు ఎక్కువైందనీ, తిరగమోతలో ఆవాలు మాడాయనీ, కాఫీ పొడి డబ్బా మూత సరిగ్గా పెట్టలేదనీ కంచం ముందు కూర్చుని తీర్పులు చెప్పేవాణ్ణి. ఒకసారి ఆమె గరిటె విసిరింది. గురి తప్పింది. తప్పకుండా ఉంటే నాకు కొంత ముందే బుద్ధి వచ్చేదేమో.

నాకు బర్బన్ పిచ్చి పట్టించింది కూడా ఈ ముక్కే. ఏడేళ్ల కిందట గుజ్జు కొనడానికి వచ్చిన ఒక అమెరికా ఆసామి పోతూ పోతూ నా చేతిలో ఒక సీసా పెట్టాడు. బర్బన్ అంటే బిస్కెట్టు కదా అనేవాళ్లకు జవాబు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది కాబట్టి ఇక్కడ ఒక్కసారే చెబుతాను. మొక్కజొన్నతో కాచే అమెరికా విస్కీ అది. లోపలి వైపు కాల్చిన కొత్త కొయ్య పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచుతారు. ఆ సీసా మూత తీసి ముక్కు పెట్టిన రోజు నేను అరగంట తాగకుండా కూర్చున్నాను. ఒక్క గ్లాసులో అన్ని వాసనలు ఉంటాయని అంతవరకూ నాకు తెలియదు.

పిచ్చి ఒక్కడికే ఉంటే వ్యసనం అంటారు, ముగ్గురికి ఉంటే సంఘం అంటారు. మా సంఘంలో రెండో మనిషి నగరిలో మరమగ్గాలు నడిపే కోదండం. అరవై అయిదేళ్ల వాడు, మా నాయనకు తెలిసిన కుటుంబం, నాకు అన్న వరస. మూడో మనిషి అతని మేనల్లుడు యువరాజ్. తిరుపతిలో సెల్‌ఫోన్ల కొట్టు. నెలకొక ఆదివారం మధ్యాహ్నం కోదండం మగ్గాల షెడ్డు మీదున్న గదిలో కలిసేవాళ్లం. కింద ఇరవై మగ్గాలు టకటకమంటుంటే పైన నేను గ్లాసు తిప్పుతూ ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. "ఇప్పుడు వెనిలా వస్తాండాది సూడు. దాని వెనకాలే మాడిన చక్కెర. ఆఖర్న ఓక్ కొయ్య." వాళ్లిద్దరూ కళ్లు మూసుకుని, "అవునప్పా, వస్తాండాది" అనేవాళ్లు. నా జీవితంలో అంత వినయంగా నా మాట విన్నవాళ్లు ఇంకెవరూ లేరు.

యువరాజ్ ఇంటర్నెట్‌లో చదివి చదివి చివరికి ఒక పేరు పట్టుకొచ్చాడు. స్టోన్ ఫెర్రీ, పన్నెండేళ్లది. అమెరికాలోనే దాని కోసం కొట్ల ముందు తెల్లవారకముందే వరసలో నిలబడతారట. అంతే, మాకు అదే కావాలి. నాలుగేళ్లు వెతికాం. బెంగుళూరులో ఒక పెద్ద కొట్టువాడు మా ముగ్గురి చెప్పులు చూసి, ఆ పేరు ఎప్పుడూ వినలేదన్నాడు. పాండిచ్చేరిలో ఉందని తెలిసి కారేసుకుని పోతే నిన్ననే అయిపోయిందన్నారు. అంత దూరం వచ్చి ఉత్త చేతులతో పోవడం బాగుండదని జీడిపప్పు కొనుక్కుని వచ్చాం. యువరాజ్ బావమరిది దుబాయ్ నుంచి వస్తుంటే సీసా ఫొటో, పేరు, వయసు అన్నీ పంపించాం. వాడు ఎయిర్‌పోర్టులో ఇంకేదో స్కాచ్ కొని తెచ్చి, "రంగు అదే కదా బావా" అన్నాడు. కోదండం వాడితో మూడు నెలలు మాట్లాడలేదు.

ఈ వెతుకులాట మధ్యలో నాకు జ్వరం వచ్చింది. ఊరంతా మాస్కులు కట్టుకున్న రెండో ఏడు. వారానికి జ్వరం తగ్గింది. ఎనిమిదో రోజు స్నానానికి పోయి సబ్బు ముక్కు దగ్గర పెట్టుకుంటే సున్నం ముక్కలా ఉంది. బయటికొచ్చి ఇంగువ డబ్బా తీశాను. ఏమీ లేదు. నాగవేణి చూడకుండా కిరసనాయిలు సీసా మూత తీశాను. అదీ నీళ్లే. పది రోజుల్లో వచ్చేస్తుందన్నాడు డాక్టరు. వచ్చినవాళ్లకు వచ్చింది. నాకు రాలేదు.

ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పేది? పాడేవాడికి గొంతు పోతే దగ్గుతాడు, నలుగురికీ తెలుస్తుంది. ముక్కు పోయినవాడు ముక్కుతోనే తిరుగుతుంటాడు. స్వామికి మొక్కుకున్నాను, వాసన తిరిగి ఇస్తే తలనీలాలు ఇస్తానని. నా తలమీద మిగిలిన నాలుగు వెంట్రుకలు చూసి స్వామి ఆ బేరానికి ఒప్పుకోలేదు.

ఫ్యాక్టరీలో రెండు సీజన్లు ఎలా నెట్టుకొచ్చానో చెబితే నవ్వుతారు. తీపి, పులుపు నాలిక చెబుతుంది. చక్కెర ఎంతుందో మీటరు చెబుతుంది. పులిసిన కాయను పట్టుకోవడానికి ఈగలను నమ్ముకున్నాను. లారీ చుట్టూ చిన్న ఈగలు ముసిరితే, మెడ వెనక్కి వాల్చి, కళ్లు మూసి, "వెనక్కి తిప్పండి" అనేవాణ్ణి. మా ఫ్యాక్టరీ పరువు రెండేళ్లు ఈగల మీద నిలబడింది.

ఈగలు కూడా ఒకసారి సెలవు పెట్టాయి. ఆ వానరోజు నేను సరేనన్న లోడు తాలూకు పన్నెండు డ్రమ్ములు గోడౌనులో ఉబ్బిపోయాయి. మునిరామయ్య గారికి నా మీద అనుమానమే రాలేదు. "ముక్కు సారు సూసి పంపిన గుజ్జు చెడేదేమి? నువ్వే ఆవిరి సరిగ్గా పట్టల్యా" అని బాయిలరు దగ్గర పనిచేసే పెంచలయ్యను అందరి ముందూ తిట్టి, ఖాళీ డ్రమ్ములు కడిగే పనిలో వేశారు. నేను ఒక మాట చెబుతానేమోనని పెంచలయ్య నా వైపు చూశాడు. నేను మీటరు తుడుచుకుంటూ కూర్చున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది. అయినా నోరు విప్పలేదు. ముక్కు లేని ముక్కు సారును ఎవరు పనిలో పెట్టుకుంటారు? యాభై రెండేళ్ల వయసులో నాకు ఇంకే పనీ రాదు.

ఇంట్లో మాత్రం పని సులువైంది. పట్టుబడకుండా ఉండాలంటే ఏం పెట్టినా బ్రహ్మాండం అనడమే. చారు బ్రహ్మాండం. పప్పు బ్రహ్మాండం. మొదట్లో నాగవేణి అనుమానంగా చూసింది. తర్వాత చూడటం మానేసింది. తర్వాత కొత్త కొత్తవి చేయడం మొదలుపెట్టింది. సంగట్లోకి ఊరిబిండి పచ్చడి, చింతచిగురు పప్పు, వాళ్లమ్మ చేసే ములగాకు వేపుడు. ఒకరోజు వాళ్ల చెల్లెలితో ఫోన్‌లో అంటుంటే విన్నాను. "మీ బావ మారిపోయినాడే. ఇన్నేళ్లకు నా చేతి వంట నచ్చింది ఆ మనిషికి." ఆ పూట నేను తల వంచుకుని మజ్జిగన్నం తిన్నాను. అది కూడా బ్రహ్మాండమన్నాను.

కిందటి సెప్టెంబరులో ఒక మంగళవారం యువరాజ్ ఫోన్ చేశాడు.

"అన్నా, కూసోని ఉండావా, నిలబడుకోని ఉండావా?"

"నిలబడుకోనే ఉండా. ఏమి?"

"అయితే కూసో. దొరికింది."

నాయుడుపేట దగ్గర ఏదో కంపెనీలో పనిచేసే కొరియా ఇంజనీరు ఒకాయన దేశం వదిలి పోతూ సామాన్లు అమ్ముతున్నాడట. ఫోన్‌లో పెట్టిన ఫొటోలో పాత ఫ్రిజ్ ఉంది. ఆ ఫ్రిజ్ నెత్తిన, ప్లాస్టిక్ పూలకుండీ పక్కన, సీలు కూడా విప్పని స్టోన్ ఫెర్రీ ఉంది. నాలుగేళ్లు ఎదురుచూసిన మాట వినపడగానే నేను నిజంగానే కూర్చున్నాను. సీసా వస్తే మూత తీయాలి. తీస్తే మిగతా ఇద్దరి ముందూ నేను వాసన చూడాలి. మామూలు సీసాలకు పాత పాటే పాడి తప్పించుకున్నాను. వాటి వాసనలు నాకు గుర్తే. దీన్ని నేను జన్మలో చూడలేదు.

అయినా పోకుండా ఎలా ఉంటాను? చిన్న ట్రక్కు మాట్లాడుకుని ముగ్గురం పోయాం. మందు అమ్మమని అడిగితే తప్పు, ఆయన అమ్మడు కూడా అని కోదండం ముందే ఆలోచించాడు. నలభై ఏళ్లు నూలు బేళ్లు కొన్న మనిషి. ఫ్రిజ్ తలుపు పది సార్లు తీసి వేసి, గీతలు చూపించి, ధర తెగ్గొట్టాడు. తెగ్గొట్టాక కదల్లేదు.

"ధర సరే. కొసరు ఏమిస్తాడో అడుగు" అన్నాడు యువరాజ్‌తో.

"మామా, కొసరును ఇంగిలీషులో ఏమంటారు?"

మా ముగ్గురికీ తెలియదు. కోదండం ఫ్రిజ్‌ను తట్టాడు. పూలకుండీని చూపించి, మూతి విరిచి, వద్దన్నాడు. గోడ గడియారం చూపించి అదీ వద్దన్నాడు. ఆ తర్వాత వేలు ఏదో పొరపాటున ఆగినట్టు సీసా మీద ఆగింది. ఆ కొరియా ఆయన నవ్వాడు. ఎవరో బహుమానంగా ఇచ్చారనీ, తనకు అలవాటు లేదనీ, తీసుకోమనీ చేత్తో చెప్పాడు. యువరాజ్ ఆయన కాళ్లకు దండం పెట్టబోతే నేను చొక్కా పట్టుకుని ఆపాను. అమెరికాలో జనం బారులు తీరే సీసాను మా కోదండం ఫ్రిజ్‌కు కొసరుగా కొట్టుకొచ్చాడు.

వచ్చేటప్పుడు సీసా నా ఒళ్లో పెట్టారు, నాకు తప్ప ఇంకెవరికీ అర్హత లేదని. వడమాలపేట దగ్గర స్పీడ్ బ్రేకర్ల మీద ట్రక్కు ఎగిరి పడింది. చేతులు కాస్త వదులు చేస్తే చాలు, నా కష్టాలన్నీ ఆ రోడ్డు మీద కారిపోయేవి. వదులు చేశాను కూడా. మళ్లీ గట్టిగా పట్టుకున్నాను. దొరకాలని నాలుగేళ్లు దేవుణ్ణి వేధించినవాణ్ణి, దొరికాక పగలాలని కోరుకున్నాను.

"ఈ పొద్దే మూత తీస్తాము" అన్నాడు యువరాజ్, నగరి చేరగానే.

నాకు పెరటాసి గుర్తొచ్చింది. రెండు రోజుల్లో ఆ అరవ నెల పుడుతుంది, తిరుమల స్వామి నెల. పెరటాసి నెలంతా మా వైపు నీచు ముట్టరు, మందు ముట్టరు. ముట్టేవాళ్లు ఉన్నారు, బయటికి చెప్పుకోరు. ఇన్నేళ్లూ నేను ఆ రెండో రకం.

"వద్దప్పా" అన్నాను గంభీరంగా. "స్వామి నెల గడపలోకి వచ్చింది. నెల అయినాక సూస్తాము."

కోదండం నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "బాలా, నీకు ఇంత భక్తి ఉండాదని నాకు తెలీదప్పా" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. నేను ఇంకా గంభీరంగా మొహం పెట్టాను.

ఆ నెలంతా కసరత్తు చేశాను. పొద్దున లవంగాలు, మధ్యాహ్నం నిమ్మతొక్క, సాయంత్రం అగరుబత్తి. ముక్కులో పొగ పోయి తుమ్ములు వచ్చాయి, వాసన రాలేదు. లాభం లేదని స్టోన్ ఫెర్రీ గురించి ఎవరెవరో ఇంటర్నెట్‌లో రాసినదంతా ఒక కాగితం మీద ఎక్కించుకుని బట్టీ పట్టాను. వెనిలా, మాడిన చక్కెర, ఓక్, పొగాకు, కొనలో కొంచెం పుదీనా. పదో తరగతి పరీక్షకు ఇంత చదివి ఉంటే ఏ బ్యాంకులోనో ఉండేవాణ్ణి.

యువరాజ్ ఈ సందర్భం కోసమే మూడు కొత్త గ్లాసులు తెప్పించాడు. కింద బొద్దుగా, పైన సన్నగా, వాసన పట్టి ఉంచే రకం. గ్లాసుల బాధ్యత ఎప్పుడూ నాదే కాబట్టి చిత్తూరులోని మా ఇంటికే పార్సిలు వచ్చింది. పెట్టెను బీరువా మీద పెట్టి మరిచిపోయాను.

పెరటాసి వెళ్లాక మొదటి ఆదివారం. నెల రోజులు ఆగిన జనమంతా మటన్ కొట్ల ముందే ఉన్నారు. నేను గ్లాసుల కోసం వెతికితే పెట్టె ఖాళీగా ఉంది. గ్లాసులు పూజ గూట్లో ఉన్నాయి, స్వామి పటం ముందు, వరసగా. ముద్దుగా ఉన్నాయని అలంకారానికి పెట్టుకున్నట్టుంది అనుకున్నాను. నాగవేణి స్నానానికి పోయింది. లోపల తెల్లగా కొంచెం దుమ్ము కనిపించింది. ఇలాంటి గ్లాసులకు సబ్బు తగలకూడదని ఇన్నేళ్లుగా ప్రపంచానికి బోధించినవాణ్ణి నేనే కాబట్టి ఒట్టి నీళ్లతో తొలిచాను. తర్వాత అలవాటు కొద్దీ ఒక్కొక్క గ్లాసులో ముక్కు పెట్టి, మెడ వెనక్కి వాల్చి, పరీక్ష చేశాను. ఏ వాసనా లేదు. శుభ్రంగా ఉన్నాయని తీర్మానించి గుడ్డలో చుట్టుకుని నగరి బస్సెక్కాను.

కోదండం ఆ రోజు మగ్గాలు ఆపించాడు, శబ్దం ఉంటే రుచి తెలియదని. బల్ల మీద కొత్త గుడ్డ పరిచాడు. మటన్ వేపుడు మూత పెట్టి దూరంగా ఉంచాడు, దాని వాసన దీంట్లో కలవకూడదని. యువరాజ్ ఫోన్‌లో వీడియో పెట్టాడు. నేను సీలు విప్పి, మూత తీసి, మూడు గ్లాసుల్లో రెండేసి వేళ్ల ఎత్తు పోశాను. రంగు మాత్రం చూడదగ్గదే. వాళ్లిద్దరూ గ్లాసు ముట్టకుండా నా నోటి వైపు చూస్తున్నారు.

మెడ వాల్చాను. కళ్లు మూశాను. పీల్చాను. ఏమీ లేదు. కానీ ముక్కు లోపల సన్నగా చల్లదనం తగిలింది. ఒక గుక్క తాగితే నాలిక మీద కూడా అదే చల్లదనం. నా కాగితంలో పుదీనా ఉంది కదా! నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"వెనిలా" అన్నాను. "మెత్తగా, పాలకోవ మాదిరి. దాని కింద మాడిన చక్కెర. పొగాకు కూడా ఉండాది. ఇంక ఆఖర్న సూడండి, ఎంత నాజూగ్గా వస్తాండాదో, పుదీనా! పన్నెండేళ్లు ఊరకే ఉంచుతారా అబ్బా!"

ఎప్పుడూ వచ్చే "అవునప్పా" రాలేదు. కళ్లు తెరిచాను. యువరాజ్ గ్లాసు మూతి దగ్గర పెట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు. కోదండం ఒక గుక్క తాగి, అలవాటు చొప్పున చేయి తలమీద రాసుకోబోయి, సగంలో ఆపేశాడు. బల్ల కింద ఆయన కాలు యువరాజ్ కాలిని తన్నడం నాకు కనిపించింది.

"అవునప్పా" అన్నాడు కోదండం మెల్లగా. "వస్తాండాది. పుదీనానే."

"మామా, నన్ను తన్నొద్దు" అన్నాడు యువరాజ్. "అన్నా, ఇది తీర్థమన్నా! పచ్చకర్పూరం! గది గదంతా గుడి వాసన వస్తాంటే నీకు పుదీనా యాడ దొరికింది?"

పూజ గూడు గుర్తొచ్చింది. లోపలి తెల్ల దుమ్ము గుర్తొచ్చింది. పెరటాసి శనివారాల్లో నాగవేణి స్వామికి నైవేద్యంగా తళిగలు వేసి, ఇరుగుపొరుగు అమ్మలక్కలను పిలిచి, స్వామికి పెట్టిన అన్నం పంచుతుంది. పచ్చకర్పూరం నూరి తీర్థం కలుపుతుంది. నూరింది ఎందులో పోసిపెట్టిందో నాకు అప్పుడు అర్థమైంది. నాలుగేళ్లు వెతికి తెచ్చిన బర్బన్‌ను నేను తీర్థం చేసి పెట్టాను, పైగా దానికి వ్యాఖ్యానం చెప్పాను.

"బాలా" అన్నాడు కోదండం. "ఎన్నాళ్ల నించి?"

అబద్ధం ఆడటానికి నోరు తెరిచాను. జలుబు చేసిందని చెబుదామనుకున్నాను. ఆ వీడియో ఇంకా నడుస్తూనే ఉంది. దాన్ని చూస్తే నవ్వొచ్చింది, నవ్వుతుండగానే ఏడుపొచ్చింది.

"రెండేళ్లు" అన్నాను. "ఆ జ్వరం నించి. ఏమీ తెలీదన్నా. సబ్బు తెలీదు, పువ్వు తెలీదు, పీనుగ వాసన కూడా తెలీదు. ఫ్యాక్టరీలో ఈగల్ని సూసి చెప్తాండా. నా వల్ల ఆ పెంచలయ్య డ్రమ్ములు కడుగుతాండాడు."

యువరాజ్ వీడియో ఆపేశాడు. కోదండం లేచి ఆ మూడు గ్లాసులనూ కిటికీ గట్టు మీద పెట్టి, కింద నుంచి మూడు స్టీలు గ్లాసులు తెచ్చాడు. మళ్లీ పోశాడు. నా గ్లాసు నా ముందు పెట్టి, తనది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఒక మాట చెప్తా, కోపగించుకోవద్దు" అన్నాడు. "నాకు ఆ వెనిలా ఏనాడూ రాలేదప్పా. ఓక్ కొయ్య నేను సూసిందే లేదు, నాకు ఎట్ల తెలుస్తాది? నువ్వు అంత బాగా చెప్తాండావని అవునంటా ఉంటిమి."

"ఏడేళ్లా?" అన్నాను.

"ఏడేళ్లు" అన్నాడు యువరాజ్ నేల చూస్తూ.

మా సంఘం మొత్తంలో వాసన తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నాకూ పోయింది. కోదండం మళ్లీ గ్లాసులో ముక్కు పెట్టాడు. ఈసారి ఎవరూ అడగకుండానే చెప్పాడు. "నూలుకు పెట్టేదానికి గంజి కాస్తాము సూడు, అది అడుగంటితే వస్తాదే, ఆ వాసన. మాడిందే, కానీ చెడ్డగా ఉండదు, ఆకలి పుట్టిస్తాది. దాని మీద బెల్లం పాకం. ఇంకా... మా నాయన పాత కొయ్యమగ్గం వానకు తడిసి, ఎండకు ఆరేటప్పుడు ఉంటాదే, అది."

నేను నగరి వీధుల్లో చిన్నప్పుడు తిరిగినవాణ్ణి. అడుగంటిన గంజి వాసన నాకు తెలుసు. ఏ ఇంటి ముందు ఎంత మాడిందో తెలుసు. ఒక గుక్క తాగాను. ముక్కుకు ఏమీ రాలేదు, కానీ ఆ వీధి, ఆ గంజి బాన, కోదండం వాళ్లమ్మ తిట్లు, అన్నీ వచ్చాయి. రెండేళ్లలో నేను నిజంగా తాగిన మొదటి గ్లాసు అదే. యువరాజ్ కూడా వాసన చూసి, కొత్త ఫోను పెట్టె తెరిచినట్టుందన్నాడు. వాణ్ణి ఇద్దరం తిట్టాం. మటన్ వేపుడు మూత తీశాం.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. ఇలాంటి ఆదివారాల్లో నాగవేణి గుమ్మంలోనే ఆపి మూతి దగ్గర వాసన చూస్తుంది. ఆ రోజూ చూసింది. ఆమె మొహం వికసించింది.

"గుడికి పోయినావా? తీర్థం వాసన వస్తాండాది."

తలాడిస్తే చాలు. ఆ సీసా పోతూ పోతూ నాకు చేసి పెట్టిన సాయం అది. ఒక్క తల ఊపుతో ఇంకో పదేళ్లు గడిచిపోయేవి. కానీ మధ్యాహ్నం నుంచి నిజం చెప్పిన నోరు, దానికి అప్పుడే అలవాటైనట్టుంది.

"మందే తాగినా" అన్నాను. "నువ్వు పచ్చకర్పూరం పోసిపెట్టిన గ్లాసుల్లో. నాకు తెలీలేదు. నాకు వాసన తెలీదు నాగూ. రెండేళ్లుగా."

గ్లాసుల గురించి కేకలేస్తుందనుకున్నాను. ఆమె గుమ్మంలోనే నిలబడి వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది.

"రెండేళ్లంటే..." అంది. "అయితే ఆ చింతచిగురు పప్పు?"

నేను వంగి చెప్పులు విప్పుకోసాగాను.

"ఊరిబిండి? మా యమ్మ చేసే ములగాకు? బ్రహ్మాండమంటివే. నేను ఊరంతా చెప్పుకుంటినే."

కేకలేసి ఉంటే బాగుండేది. లోపలికి పోయి స్టవ్ దగ్గర నాకు వీపు తిప్పి నిలబడింది. నా ముక్కు పోయిందని కాదు, తన వంట బాగుందని రెండేళ్లు నమ్మినందుకు ఆమె ఏడ్చింది. ఈ ముక్కు పోయినందుకు నేను కూడా అంతగా ఏడవలేదు. నేను గడప మీదే కూర్చున్నాను.

పొద్దున లేచేసరికి కాఫీ ఎప్పటిలాగే బల్ల మీద ఉంది. ఆమె ఎదురుగా కూర్చుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఎట్లుండాది?" అంది.

బ్రహ్మాండం అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, ఒక గుక్క తాగి, నిజంగా ఏమి తెలుస్తుందో వెతికాను.

"వేడిగా ఉండాది" అన్నాను. "కొంచెం చేదు. చక్కెర సరిపోయింది."

"ఊ" అంది. "తెలిసేంతే చెప్పు. దానికేమి." నా గ్లాసు తన వైపు లాక్కుని, తాను ఒకసారి వాసన చూసి, "పొడి కొత్తది. మంచి వాసనే వస్తాండాది. నువ్వు సూడలేదని వాసన రాకుండా పోతాదా?" అని మళ్లీ నా ముందుకు తోసింది.

ఆ కాఫీ ఒక్క చుక్క మిగలకుండా తాగాను. ఏడున్నర బస్సెక్కి పూతలపట్టులో దిగి, గేటు పక్కన డ్రమ్ములు కడుగుతున్న పెంచలయ్యను చేయి పట్టుకుని వెంటబెట్టుకుని మునిరామయ్య గారి గదికి పోయాను. ఇద్దరం తలుపు ముందు నిలబడ్డాక, అలవాటు కొద్దీ నా మెడ వెనక్కి వాలబోయింది. తిన్నగా పెట్టుకుని తలుపు తట్టాను.